నొప్పి తగ్గింది, మరి రోగం తగ్గిందా?



ఈ వారం ఒక మాటను మీతో కలిసి ధ్యానించాలని ఆశపడుతున్నాము. ఆ మాట ప్లాసిబో. వైద్యులు వాడే మాట కదా, మన ధ్యానంలోకి ఎందుకు వచ్చిందని అనుకోవద్దు. అది మన బైబిలులో నుంచే వారి దగ్గరకు వెళ్ళింది. 116వ కీర్తన 9వ వచనము తీసి చూడండి. మరణపు అంచు దాకా వెళ్ళి బయటపడ్డ భక్తుడు, బ్రతికి ఉన్నవారి దేశంలో ప్రభువు ఎదుట ఇక తన జీవితం గడుపుతానని చెప్పుకొంటాడు. హెబ్రీ భాషలో అక్కడున్నది ‘నడుస్తాను’ అనే మాట. ప్రాచీన గ్రీకు అనువాదకులు దానిని ‘సంతోషపెడతాను’ అని మార్చారు. లాటిను బైబిలు గ్రీకును అనుసరించింది. లాటినులో ఆ వచనపు మొదటి మాటే ‘ప్లాసిబో’.

మధ్యయుగాల ఐరోపాలో చనిపోయినవారి కోసం చేసే సాయంకాల ప్రార్థన ఈ మాటతోనే మొదలయ్యేది. చావు ఇంట్లో పెట్టే భోజనం కోసం, చుట్టరికం లేనివాళ్ళు కూడా వచ్చి ఏడుస్తూ ఈ పాట పాడేవారట. అలా ‘ప్లాసిబో పాడడం’ అంటే పైకి మెప్పు మాటలు చెప్పడం అనే అర్థం వచ్చింది. ఇంగ్లీషు కవి చాసర్ తన కథలో ఒక ముఖస్తుతి చేసేవాడికి ప్లాసిబో అనే పేరే పెట్టాడు. 18వ శతాబ్దానికి వైద్యులు ఆ మాట అందుకున్నారు. ఎడింబరోలో విలియం కల్లెన్ అనే వైద్యుడు 1772లో తన పాఠాలలో ఈ మాట వాడాడు. జబ్బును బాగుచేయడం కంటే జబ్బుపడ్డ మనిషిని సంతోషపెట్టడానికి ఇచ్చే మందు అని దాని భావం.

దేవుని ఎదుట నడవడం అనే మాట, మనిషిని సంతోషపెట్టడం అనే మాటగా ఎలా మారిపోయిందో చూశారా! మా పరిచర్యలో మేము చూస్తున్న ఒక ప్రమాదం అంతా ఈ రెండు మాటల మధ్యే ఉంది.

మేము తెనాలికి, రేపల్లెకు మధ్య ఉన్న పల్లెల్లో పరిచర్య చేస్తున్నాము. నెలకొకసారి సేవకుల సహవాసం కోసం బాపట్ల వెళ్తాము. తెనాలి అంటే హేతువాదులకు పుట్టినిల్లు వంటిది. కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి గారు ఉన్న ఊరు అది. ఎం.ఎన్. రాయ్ మానవవాదాన్ని తెలుగునాట పెంచిన ఆవుల గోపాలకృష్ణమూర్తి గారి ఊరు కూడా అదే. అందుచేత ఇక్కడ పాస్టర్లను ప్రశ్న అడగడానికి ఎవరూ మొహమాటపడరు. రేపల్లె రైలులో మాకు పరిచయమైన ఒక రిటైర్డ్ మాస్టారు, చాలా మర్యాదస్తులు, ఒకరోజు ఇలా అడిగారు. “పాస్టర్ గారూ, ఏమీ అనుకోనంటే ఒక మాట. మీ స్వస్థత కూటాల్లో లేచి నడిచేవాళ్ళకు జరిగేదంతా ప్లాసిబోయే గదండీ? హిప్నాటిజమే గదండీ?”

ఇలాంటి ప్రశ్నకు మన విశ్వాసులు కొందరు కోపపడతారు. కొందరు చెవులు మూసుకుంటారు. మేము ఆ రెండూ చేయకూడదని, ఆయన చెప్పిన విషయాన్ని చదివి తెలుసుకోవాలని నిర్ణయించుకున్నాము. చదివిన కొద్దీ మా విశ్వాసం తగ్గలేదు గాని, మా నోటి మాట విషయంలో భయం పెరిగింది.

ఈ చరిత్ర కొంత మన ఇంట్లోనే మొదలైంది. 1770లలో దక్షిణ జర్మనీ ప్రాంతంలో గాస్నర్ అనే కథోలిక గురువు దయ్యాలు వెళ్ళగొడుతూ వేలమందిని ఆకర్షించాడు. 1775లో మెస్మర్ అనే వైద్యుడు వచ్చి, అది దయ్యాల సంగతి కాదు, శరీరాల్లో ప్రవహించే ఒక అయస్కాంత శక్తి అన్నాడు. తర్వాత ప్యారిస్ వెళ్ళి అదే శక్తితో వైద్యం చేస్తున్నానని పెద్ద పేరు తెచ్చుకున్నాడు. రోగులు అతని దగ్గర వణికేవారు, కేకలు పెట్టేవారు, పడిపోయేవారు, లేచి బాగుందనేవారు. 1784లో ఫ్రాన్సు రాజు ఒక విచారణ సంఘాన్ని వేశాడు. అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోయిజియర్ వంటి శాస్త్రవేత్తలు ఉన్నారు.

వారు చేసిన ఒక పరీక్ష పిల్లలకు కూడా అర్థమవుతుంది. ఫ్రాంక్లిన్ తోటలో ఒక్క చెట్టుకు మాత్రమే ఆ ‘శక్తి’ ఎక్కించారు. 12 ఏళ్ళ కుర్రవాడికి కళ్ళకు గంతలు కట్టి, వేరే చెట్ల దగ్గరకు ఒకదాని తర్వాత ఒకటిగా తీసుకెళ్ళారు. వాడికి చెమటలు పట్టాయి, తల నొప్పి పుట్టింది. నాలుగో చెట్టు దగ్గర స్పృహ తప్పి పడిపోయాడు. శక్తి ఎక్కించిన చెట్టు దగ్గరకు వాడు అసలు వెళ్ళనే లేదు! పడవేసింది చెట్టు కాదు, పడిపోతానని వాడి మనసులో ఉన్న ఎదురుచూపు అని సంఘం తేల్చింది.

1799లో ఇంగ్లాండులో హేగార్త్ అనే వైద్యుడు కూడా ఇలాంటి పనే చేశాడు. అప్పట్లో నొప్పులు లాగేస్తాయని లోహపు పుల్లలు చాలా ఖరీదుకు అమ్మేవారు. ఆయన చెక్కతో అలాంటివే చేయించి, లోహంలా కనబడేట్టు రంగు వేయించి, ఐదుగురు రోగుల ఒంటి మీద రాశాడు. నలుగురు నొప్పి తగ్గిందన్నారు.

1840లలో మాంచెస్టరులో జేమ్స్ బ్రెయిడ్ అనే వైద్యుడు, ఇందులో అయస్కాంతమూ లేదు, శక్తీ లేదు, మనసు ఒకే దాని మీద నిలిచిపోయిన స్థితి మాత్రమే ఉందని చెప్పి, దానికి హిప్నాటిజం అని పేరు పెట్టాడు. మన దేశంలో కూడా ఇది జరిగింది. 1845లో బెంగాలులోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే స్కాట్లాండు వైద్యుడు ఒక ఖైదీకి వరిబీజం ఆపరేషను ఈ స్థితిలోనే చేశాడు. తర్వాత బోదవ్యాధి వల్ల వచ్చిన పెద్ద పెద్ద కణితులు కూడా అలా తీశాడు. మత్తుమందులు ఇంకా రాని రోజులవి. బోదకాలు, వరిబీజం మన డెల్టా ప్రజలకు కొత్త కాదు కాబట్టి, అది ఎంత పెద్ద కోతో మీకు వేరే చెప్పనక్కరలేదు. మాట చేత, ఎదురుచూపు చేత మనిషికి నొప్పి తెలియకుండా పోగలదన్నమాట.

మన ఊళ్ళలో హిప్నాటిజం అంటే స్టేజీ మీద చూసిందే చాలామందికి తెలుసు. 2025లో కన్నుమూసిన బి.వి. పట్టాభిరామ్ గారు తెలుగువారికి ఇంద్రజాలం చూపించారు, హిప్నాటిజం గురించి కూడా చెప్పారు. కొందరు విశ్వాసులు అది సాతాను శక్తి అనుకుంటారు. అది నిద్ర కాదు, దయ్యమూ కాదు. ధ్యాస ఒకచోట కుదిరి, చెప్పే మనిషి మీద నమ్మకం కుదిరి, జరుగుతుందని ఎదురుచూస్తున్నప్పుడు మన మనసు చేసే పని. అందరిలో ఒకేలా ఉండదు. కొందరు త్వరగా లోనవుతారు, కొందరు ఎంతసేపటికీ లోనుకారు. 1959లో అమెరికాలోని స్టాన్‌ఫర్డులో హిల్‌గార్డ్, వైట్సెన్‌హోఫర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దానిని కొలిచే పద్ధతి కూడా తయారుచేశారు.

ఇప్పుడు ఒక పెద్ద కూటాన్ని మనసులోకి తెచ్చుకోండి. పగలంతా ఉపవాసం. రాత్రి పొద్దుపోయేదాకా పాటలు, ఒకే పల్లవి మళ్ళీ మళ్ళీ. డ్రమ్ము, కీబోర్డు, కళ్ళలో పడే లైట్లు. దూరం నుంచి వచ్చిన పెద్ద ప్రసంగికుడు. ముందే నలుగురి సాక్ష్యాలు. ఆ తర్వాత మైకులో, “ఇప్పుడే, ఈ క్షణమే, మోకాలి నొప్పి పోయినవాళ్ళు చేతులెత్తండి” అనే మాట. అక్కడ చెయ్యి ఎత్తినవాడు అబద్ధికుడు కాదు, ప్రియులారా. వాడికి నిజంగానే ఆ నిమిషం నొప్పి లేదు. ఫ్రాంక్లిన్ తోటలో కుర్రవాడు కూడా నటించలేదు.

నటన కాదని శాస్త్రమే చెబుతోంది. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పన్ను పీకించుకున్న రోగులకు మందు లేని సూది వేశారు. కొందరికి నొప్పి తగ్గింది. అప్పుడు నల్లమందు పనిని అడ్డగించే నాలోక్సోన్ అనే మందు ఇస్తే, వాళ్ళకు నొప్పి తిరిగి పెరిగింది. అంటే, నమ్మకం వల్ల వారి శరీరంలోనే నొప్పిని చంపే మందు ఊరిందన్నమాట! దేవుడు మన దేహంలోనే ఒక మందుల పెట్టె పెట్టి పంపించాడు. 139వ కీర్తనకారుడు తన నిర్మాణాన్ని తలుచుకొని ఆశ్చర్యంతో స్తుతించింది ఊరికే కాదు.

2010లో హార్వర్డులో టెడ్ కాప్చుక్ అనే పరిశోధకుడు, ఎప్పుడూ కడుపు నొప్పితో బాధపడే 80 మందిని తీసుకొని, సగం మందికి “ఇందులో మందు లేదు” అని ముందే చెప్పి ఉత్త బిళ్ళలు ఇచ్చాడు. 3 వారాల తర్వాత బిళ్ళ వేసుకున్నవారిలో 59 శాతం మంది, వేసుకోనివారిలో 35 శాతం మంది ఉపశమనం కలిగిందన్నారు. శ్రద్ధగా వినే మనిషి, క్రమంగా చేసే పని, ఒక ఆశ, ఇవి కూడా మనిషికి మేలు చేస్తాయి. మన పల్లెల్లో “సూది వేస్తేనే తగ్గుద్ది” అని పట్టుబట్టే ముసలమ్మలకు ఇది ఎప్పుడో తెలుసు. మేము ఒక రోగి ఇంటికి వెళ్ళి, మంచం పక్కన కూర్చొని, చెయ్యి పట్టుకొని ప్రార్థన చేస్తే ఆ రాత్రి ఆ మనిషి నిద్రపోతాడు. దానికి శాస్త్రవేత్తలు ఏ పేరు పెట్టినా మాకు అభ్యంతరం లేదు. ఆ నిద్ర ఇచ్చినవాడు దేవుడే.

మరి ప్రమాదం ఎక్కడుంది? ఉబ్బసం మీద 2011లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన చూడండి. దాదాపు 40 మంది రోగులకు ఒకసారి అసలు మందు ఉన్న ఇన్‌హేలరు, ఒకసారి మందు లేని ఇన్‌హేలరు, ఒకసారి ఉత్తుత్తి సూదుల వైద్యం ఇచ్చారు, ఒకసారి ఏమీ ఇవ్వలేదు. ఎలా ఉందని అడిగితే, అసలు మందుతో 50 శాతం మెరుగన్నారు, ఉత్త ఇన్‌హేలరుతో 45 శాతం, ఉత్త సూదులతో 46 శాతం. ఏమీ ఇవ్వనప్పుడు 21 శాతం. నోటి మాట విన్నంతవరకు మందుకూ, మందు కానిదానికీ తేడా లేనట్టే. కానీ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే గాలిని యంత్రంతో కొలిచారు. అసలు మందుతో 20 శాతం పెరిగింది. మిగిలిన మూడింటితో 7 శాతమే. ఏమీ ఇవ్వనప్పుడు ఎంతో, ఉత్త మందు ఇచ్చినప్పుడూ అంతే!

మనిషి బాగుందన్నాడు. ఊపిరితిత్తి మాత్రం బాగుపడలేదు. ప్రతి మృగశిర కార్తెకు హైదరాబాదులో బత్తిన వారు ఇచ్చే చేప కోసం మన జిల్లాల నుంచి కూడా ఉబ్బసం రోగులు రైలెక్కి వెళ్తారు. మందు అనే పేరు మీద అభ్యంతరాలు వచ్చాక దానిని ప్రసాదం అంటున్నారు. అక్కడికి వెళ్ళేవారిని చూసి మనవాళ్ళు నవ్వుతారు. నవ్వే ముందు, మన కూటాల్లో “ఎలా ఉంది?” అని అడిగి ఊరుకుంటున్నామా, లేక గాలి కొలుస్తున్నామా అని మనల్ని మనం అడగాలి.

ఇప్పుడు ఒక సహోదరి సంగతి చెప్తాము. ఊరు, పేరు వద్దు. రేపల్లె వైపు ఒక పల్లెలో పొలం పనికి వెళ్ళే విశ్వాసి. పదేళ్ళుగా షుగరు. వేరే చోట జరిగిన 3 రోజుల స్వస్థత కూటానికి వెళ్ళింది. “స్వస్థత పొందానని నమ్మినవాళ్ళు ఇక బిళ్ళ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే అవిశ్వాసం” అని అక్కడ చెప్పారు. ఆమె ఇంటికి వచ్చి బిళ్ళల డబ్బా కాలువలో పారేసింది. మేము పరామర్శకు వెళ్తే ముఖం వెలిగిపోతూ, “ఒళ్ళంతా తేలిగ్గా ఉందండీ అయ్యగారూ, తిమ్మిర్లు కూడా పోయినాయండీ” అంది. ఆమె భర్త మాత్రం గుమ్మం దగ్గర నిలబడి ఏమీ మాట్లాడలేదు.

కాలి కింద చిన్న పుండు ఉంది. చేలో ఏదో గుచ్చుకుందట. నొప్పి ఉందా అని మా అమ్మగారు అడిగితే, “అస్సలు లేదమ్మా, అదే గదా స్వస్థత” అంది. షుగరు ముదిరినప్పుడు కాలి నరాలు మొద్దుబారతాయి. తిమ్మిరి పోవడం కూడా ఒక్కోసారి స్పర్శ పోవడమే. మేము ఆ రోజే బతిమాలి, ఆటో మాట్లాడి, తెనాలి తీసుకెళ్ళాము. రక్తపరీక్షలో షుగరు చాలా ఎక్కువగా వచ్చింది. రెండు కాలివేళ్ళు తీసేశారు. మరో వారం ఆగితే పాదమే పోయేదని డాక్టరు గారు అన్నారు.

వార్డులో పడుకొని ఆమె మమ్మల్ని అడిగిన మాట ఇప్పటికీ మా గుండెలో ఉంది. వేళ్ళ గురించి అడగలేదు. “నా విశ్వాసం చాల్లేదా అయ్యగారూ?” అని అడిగింది.

ప్రియులారా, రోగం ఒక దెబ్బ. ఆ మాట రెండో దెబ్బ. మొదటిది శరీరానికి తగిలితే, రెండోది ఆత్మకు తగిలింది. ప్లాసిబోకు వ్యతిరేకమైన మాట ఒకటుంది, నొసిబో, అంటే ‘హాని చేస్తాను’ అని. 1961లో వైద్యులు ఈ మాటను వాడుకలోకి తెచ్చారు. కీడు జరుగుతుందని నమ్మిన మనిషికి ఆ నమ్మకమే బాధ తెస్తుంది. చేతబడి జరిగిందని నమ్మి అన్నం మానేసి చిక్కిపోయినవాళ్ళను మన పల్లెల్లో చూడలేదా? సేవకుడు బలిపీఠం దగ్గర నిలబడి “నీ పాపం వల్లే, నీ అవిశ్వాసం వల్లే” అంటే, అది కూడా అలాంటి విషమే. మాట బాగుచేయగలిగినంత గట్టిదైతే, చెడగొట్టగలిగినంత గట్టిది కూడా అవుతుంది.

నొప్పి లేకపోవడమే ఆరోగ్యం అనుకోకూడదని మన ప్రాంతంలో అందరికంటే ముందు నేర్చుకోవలసింది మనమే. బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ వారు కుష్ఠు రోగులకు వైద్య పరిచర్య చేశారు. కుష్ఠు ఎలా మొదలవుతుంది? ఒంటి మీద ఒక మచ్చ, గిల్లితే తెలియదు. అంతే, నొప్పి ఉండదు. మనవాళ్ళు రాయవేలూరు అని పిలిచే వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో పాల్ బ్రాండ్ అనే వైద్యుడు వచ్చాడు. కుష్ఠు రోగుల వేళ్ళు వాటంతట అవి రాలిపోవడం లేదని, స్పర్శ లేక కాలినా కోసుకున్నా తెలియక, అలా పాడైపోతున్నాయని ఆయన చూపించాడు. నొప్పి దేవుడిచ్చిన కాపలాదారు అని ఆయన జీవితమంతా చెప్పాడు. మన వరిచేలల్లో తిరిగే కట్లపాము కాటు కూడా చాలాసార్లు నొప్పి పుట్టించదు. తెల్లవారేసరికి ఊపిరి ఆగిపోతుంది. కాపలాదారు నోరు నొక్కి, ఇంట్లో దొంగ లేడంటే ఎలా?

అందుకే యేసుప్రభువు చేసిన పని చూడండి. లూకా 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు దూరంగా నిలబడి కేకలు వేస్తే, ఆయన వారిని యాజకుల దగ్గరకు వెళ్ళి కనబరచుకోమన్నాడు. లేవీయకాండము 13, 14 అధ్యాయాల ప్రకారం యాజకుడు మచ్చను పరీక్షించాలి, 7 రోజులు ఆగి మళ్ళీ చూడాలి, అప్పుడు గాని శుద్ధుడని చెప్పకూడదు. అంటే ప్రభువు తన స్వస్థతను పరీక్షకు పంపించాడు! నిజమైన స్వస్థతకు పరీక్ష అంటే భయం లేదు.

మార్కు 8వ అధ్యాయం ఇంకా ఆశ్చర్యం. బేత్సయిదాలో గ్రుడ్డివాడి కన్నుల మీద చేతులుంచి, ఏమైనా కనబడుతోందా అని ప్రభువే అడిగాడు. వాడు నిజం చెప్పాడు. మనుషులు కనబడుతున్నారు గాని చెట్లలా నడుస్తున్నట్టున్నారని. అంటే పూర్తిగా బాగుపడలేదని దేవుని కుమారుడి ముఖం మీదే చెప్పాడు. ప్రభువు కోపపడలేదు, అవిశ్వాసివని గద్దించలేదు. మళ్ళీ చేతులుంచాడు, అప్పుడు స్పష్టంగా కనబడింది. మన స్టేజీ మీద ఎవరైనా “అయ్యగారూ, సగమే తగ్గిందండీ” అంటే ఏమవుతుంది? మైకు లాగేసుకుంటారు. సగం తగ్గిందని చెప్పే స్వేచ్ఛ లేని చోట, పూర్తిగా తగ్గిందన్న సాక్ష్యానికి విలువ ఎక్కడిది?

హిజ్కియా రాజుకు ఆయుష్షు పెంచుతానని దేవుడు మాట ఇచ్చిన తర్వాత కూడా, యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుకు కట్టించాడు. పౌలు తిమోతి కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. త్రోఫిమును మిలేతులో జబ్బుతో విడిచి వచ్చానని దాచకుండా రాశాడు. తన సొంత ముల్లు తీసేయమని 3 సార్లు అడిగి, కృప చాలునన్న జవాబుతో నడిచాడు. లూకా వైద్యుడు. గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ అమ్మగారు ఒక చేతిలో బైబిలు, ఒక చేతిలో మందు పట్టుకొని వచ్చారు. వారి ఆసుపత్రిని ప్రజలు ఇప్పటికీ కుగ్లర్ ఆసుపత్రి అనే పిలుస్తారు. మన పూర్వికులకు ప్రార్థనకూ మందుకూ తగువు లేదు.

అందుచేత మా సంఘంలో కొన్ని సంగతులు పాటిస్తున్నాము. రోగి కోసం ప్రార్థించేటప్పుడు బిళ్ళలు కూడా చేతిలో పట్టుకోమంటాము, వాటి మీద కూడా దేవుని దీవెన అడుగుతాము. మందు మానాలా వద్దా అనేది డాక్టరు గారి మాట, మా మాట కాదు. క్షయ రోగికి మందు మొదలుపెట్టిన రెండు నెలలకే దగ్గు తగ్గి ఒళ్ళు తేరుకుంటుంది. అప్పుడే సాక్ష్యం చెప్పి మందు మానేస్తే, క్రిములు మొండికెత్తి తిరిగి వస్తాయి. 6 నెలలు పూర్తిచేసి, కఫం పరీక్ష చూపించి, అప్పుడు సాక్ష్యం చెప్పమంటాము. మూర్ఛ ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఇది మరీ మరీ చెప్తాము. షుగరు, క్యాన్సరు వంటి జబ్బులు మహిమతో నయమవుతాయని ప్రకటనలు వేయడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరమని కూడా తోటి సేవకులు గుర్తుంచుకోవాలి.

మాస్టారుకు మేము ఇచ్చిన జవాబు ఇదే. “మాస్టారూ, మీరన్నది చాలావరకు నిజమే. కూటంలో తగ్గే నొప్పుల్లో చాలా భాగం అలా తగ్గేవే. దానికీ దేవునికి స్తోత్రమే. కానీ మేము ప్రకటించే క్రీస్తు నొప్పి బిళ్ళ కాదండీ. బాగవుతానని గట్టిగా అనుకోవడాన్ని మేము విశ్వాసం అనము.” ఆయన కాసేపు కిటికీలోంచి చూసి, “మరి దేనిని అంటారు?” అన్నారు.

అగ్నిగుండం ముందు నిలబడిన ముగ్గురు యువకులను తలుచుకోమన్నాము. దేవుడు రక్షించగలడన్నారు. రక్షించకపోయినా నీ బొమ్మకు మొక్కమన్నారు. ఆ ‘రక్షించకపోయినా’ అనే చోట ఏ హిప్నాటిజమూ పనిచేయదు, ఏ ప్లాసిబో బ్రతకదు. ఎదురుచూపు మీద నిలబడేది ఎదురుచూసింది జరగకపోతే కూలిపోతుంది. గెత్సేమనేలో మన ప్రభువు అడిగిన గిన్నె తొలగిపోలేదు. ఆయన తండ్రి చెయ్యి విడవలేదు. రిపోర్టు చెడ్డగా వచ్చిన రోజు కూడా మిగిలి ఉండేది ఏదో, దానినే విశ్వాసం అంటాము.

ఆసుపత్రిలో ఆ సహోదరికి కూడా మేము అదే చెప్పాము. “అమ్మా, నీ విశ్వాసం చాలలేదని ఎవరు చెప్పినా నమ్మకు. ఈ మంచం మీద ఉండి కూడా నువ్వు ప్రభువును అడుగుతున్నావే, అదే నీ విశ్వాసం.” ఆమె ఇప్పుడు రోజూ సూది వేసుకుంటుంది. ఆదివారం చెప్పుల కోసం గుడి బయట కాస్త వెతుక్కుంటుంది, ఎందుకంటే ఆమెవి మెత్తటి ప్రత్యేకమైన చెప్పులు. లోపలికి వచ్చి అందరికంటే గట్టిగా పాడుతుంది.

హనోకు గురించి ఆదికాండము దేవునితో నడిచాడని చెబుతుంది, హెబ్రీ పత్రిక దేవునికి ఇష్టుడయ్యాడని చెబుతుంది. దేవుని ఎదుట నిజంగా నడిచేవాడు ఆయనను సంతోషపెడతాడు. మనుషులను సంతోషపెట్టాలని మాట్లాడేవాడు ఆయన ఎదుట నడవలేడు. గలతీ సంఘానికి పౌలు వేసిన ప్రశ్న కూడా అదే. సేవకులమైన మేము రోగి మంచం దగ్గర నోరు తెరిచే ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. మీరు కూడా ఇంట్లో జబ్బుగా ఉన్నవారితో మాట్లాడేటప్పుడు వేసుకోండి.

ప్రార్థన చేసుకుందాము. పరలోకమందున్న మా తండ్రీ, మా దేహాలలో నువ్వు ఉంచిన ప్రతి ఉపశమనానికి స్తోత్రములు. వైద్యుల చేతులకు, మందులకు, కాపలాగా నువ్వు పెట్టిన నొప్పికి కూడా స్తోత్రములు. సగమే కనబడుతోందని నిజం చెప్పే ధైర్యం మా సంఘాలకు దయచేయి. స్వస్థత రాక, విశ్వాసం లేదన్న మాట పడి నలిగిపోయిన నీ బిడ్డలను నువ్వే ఎత్తుకొని ఓదార్చు. బ్రతికి ఉన్నంత కాలం నీ ఎదుట నడిచే కృప మాకివ్వు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్.